సర్వరు శ్రమను తగ్గించు విధము



నేను కొన్ని ఛందఃపాఠములను అంతర్జాలమున నుంచితిని. చదువరులు పెరిగినకొలది సర్వరు శ్రమ మితిమీరినదని, దాని నద్దెకిచ్చినవారు పాఠములను నిలిపివైచిరి. పరీక్షలముందు విద్యార్థులకు ద్వారము మూతపడెను. పెద్ద సర్వరును కొనదలచితిని గాని, ముందు కారణమును వెదకితిని.

సర్వరనగా మన మడిగినదానిని పంపు దూరపు కంప్యూటరు. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి సాధనమున పుటలు సిద్ధముగా నుండవు. ఎవరడిగినను పీహెచ్‌పీ భాషలోని ఆజ్ఞలు నడచి, మైఎస్‌క్యూఎల్ అను భాండాగారమునుండి విషయమును తెచ్చి, పుటను క్రొత్తగా కూర్చును. తిథి యడిగిన ప్రతివానికొరకును సిద్ధాంతిగారు మొదటినుండి గణితము చేసినట్లు!

ఉదయమే గణించి గోడపై వ్రాసినచో, నూరుగురు చూచినను శ్రమ యొక్కటియే. ఇట్లు కూర్చిన పుటను దాచియుంచి పంపుటకే క్యాషింగని పేరు. అయితే తిథి మారినపుడు గోడవ్రాతయు మారవలయును. అట్లే పాఠమును దిద్దినపుడు దాచిన ప్రతిని తుడిచివేయవలయును. లేనిచో పాత తప్పే చదువరికి చేరును.

రెండవది, బొమ్మలను తగిన కొలతకు కుదించుట. 2010లో గూగుల్ వెలువరించిన వెబ్‌పీ పద్ధతి యిందు కనుకూలము. మూడవది, అక్కరలేని ప్లగిన్లను తొలగించుట. వానిలో పెక్కులు పుట కూర్చునపుడెల్ల పని పెంచును.

ఇవి చేసిన పిదప నా పాఠములు అదే సర్వరున, అదే అద్దెకు మరల తెరచుకొనెను. కావున క్రొత్త బలమును కొనుటకు ముందు వ్యర్థశ్రమను వెదకుడు. సెలవు.