కోడి ఈకల 'నీలం': పేరు ఒకటి, వారసత్వాలు రెండు

కాకి, డేగ, నెమలి, సేతు, మైల వంటి కోడిపుంజుల పేర్లు తెలుగు పదసేకరణలో తరచు ఎదురయ్యేవే. ఇవన్నీ ఈక రంగును కంటితో చూసి పెట్టిన పేర్లు. పందేనికి కాక ప్రదర్శన కోసం కోళ్లను పెంచే ఇంగ్లండు, అమెరికా దేశాలవారు కూడా తమ కోళ్లకు ఇదే పద్ధతిలో పేర్లు పెట్టారు. వాటిలో 'బ్లూ' అనే పేరు పరిశీలించదగినది. ఆ పేరు వెనుక ఉన్న జన్యుశాస్త్ర విషయాన్ని ఇక్కడ సంగ్రహంగా వివరిస్తాము.

మొదట గమనించవలసింది, బ్లూ కోడి ఈకలో నీలి వర్ణకం ఏదీ లేదు. నల్ల ఈకలో ఉండే మెలనిన్ వర్ణకమే ఇందులోనూ ఉంటుంది. అది పలచబడటం వల్ల ఈక పలక రంగుగానో బూడిద రంగుగానో కనిపిస్తుంది. ఇంగ్లీషులో బూడిద రంగు పిల్లులను, కుక్కలను కూడా బ్లూ అనటం వాడుక. నల్లని జడ గల స్త్రీని మనం నీలవేణి అంటున్నాం కదా! రంగు పేర్ల హద్దులు ప్రతి భాషలోనూ ఇలా జరుగుతూనే ఉంటాయి.

అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1873లో ఏర్పడి, 1874లో కోళ్ల జాతుల ప్రమాణ గ్రంథాన్ని వెలువరించింది. ఇటువంటి గ్రంథాలు ఏ జాతి కోడి ఏ రంగులో ఉండాలో నిర్ణయిస్తాయి. ఆండలూసియన్ అనే జాతికి ప్రదర్శనలో మెచ్చే రంగు బ్లూ. ప్రతి ఈకకు ముదురు అంచు ఉండాలి. అయితే రెండు బ్లూ కోళ్లను జతకడితే పిల్లలన్నీ బ్లూ కావటం లేదు. కొన్ని నల్లగాను, కొన్ని మురికి తెలుపు మీద చుక్కలు చిలికినట్లుగాను పుడుతున్నాయి. పెంపకందారులు వీటిని జాతిలోని కల్తీగా భావించి ఏరివేశారు. ఎన్ని తరాలు ఏరినా అవి పుట్టటం మానలేదు.

1900లో మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చాక, ఆ దశాబ్దంలోనే కేంబ్రిడ్జిలో బేట్సన్, పనెట్‌లు దీనికి కారణం చూపారు. నలుపును పలచబరిచే జన్యువు ఒక్క మోతాదులో ఉంటే కోడి బ్లూ అవుతుంది, రెండు మోతాదులుంటే చుక్కల తెలుపు అవుతుంది, అసలు లేకపోతే నలుపే. దీనినే అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు. రెండు బ్లూ కోళ్ల సంతానంలో సగటున నాలుగింట ఒకటి నలుపు, రెండు బ్లూ, ఒకటి చుక్కల తెలుపు వస్తాయి. కల్తీ అని పారవేసిన నలుపును, చుక్కల తెలుపును జతకడితే మాత్రం పిల్లలన్నీ బ్లూ! అంటే నిలకడగా తమ రంగునే ఇచ్చేవి కల్తీ అనుకొన్న రెండు రంగులే. శుద్ధమని మెచ్చుకొన్న బ్లూయే సంకరం.

ఇక రెండవ వారసత్వం. అమెరికా ప్రమాణాలలో 'సెల్ఫ్ బ్లూ' అని, బ్రిటన్‌లో 'లావెండర్' అని పిలిచే మరొక లేత బూడిద రంగు ఉంది. ఇందులో ముదురు అంచు ఉండదు, ఈకంతా ఒకే ఛాయ. దీనికి కారణం వేరొక జన్యువు. అది అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బయటపడుతుంది. ఈ మార్పు మెలనోఫిలిన్ అనే జన్యువులో ఉన్నదని 2008లో తేలింది. వర్ణకపు రేణువులు ఈకలోకి సరిగా చేరకపోవటమే రంగు వెలియటానికి మూలం. బ్లూ జన్యువు ప్రధానంగా నలుపునే పలచన చేస్తుంది, ఎరుపును అంతగా అంటదు. లావెండర్ నలుపుతోపాటు ఎరుపును కూడా వెలయజేసి లేత గడ్డి రంగు చేస్తుంది. రెండు లావెండర్ కోళ్లను జతకడితే పిల్లలన్నీ లావెండరే.

పేరును మాత్రమే నమ్మి ఒకరు బ్లూ పుంజును సెల్ఫ్ బ్లూ పెట్టతో జతకట్టారనుకొందాం. పుంజు లావెండర్ జన్యువును దాచుకొని ఉండకపోతే పిల్లలలో సుమారు సగం నలుపు, సగం బ్లూ. సెల్ఫ్ బ్లూ ఒక్కటీ రాదు. పైగా ప్రతి పిల్లలోనూ లావెండర్ జన్యువు కంటికి కనబడకుండా దాగి ఉంటుంది. తరువాతి తరాలలో అది అనుకోకుండా బయటపడుతుంది. పేరులోని ఒక్క మాట ఏళ్ల శ్రమను తారుమారు చేయగలదు.

దీని నుంచి మన పదసేకరణకు ఒక సూచన దొరుకుతుంది. మైల అంటే ఎరుపూ బూడిదా కలిసిన రంగు అని రాసుకొంటే కంటికి కనిపించిన దానిని మాత్రమే నమోదు చేసినట్లు. యానాంలోనో, ఒడిశాలోనో, తమిళనాడులోనో అదే పేరు వినబడినంత మాత్రాన అది అదే రంగని, రంగు ఒకటైనా వారసత్వం ఒకటేనని అనుకోరాదు. కాబట్టి సేకర్తలు కోడి పేరుతోపాటు మెడ, వీపు, రెక్క, తోకల రంగులను విడివిడిగా రాసుకోవాలి. తల్లిదండ్రుల రంగు, పుట్టిన పిల్లల రంగులు కూడా పెంచినవారిని అడిగి తెలుసుకోవాలి. ఈ నాలుగు వివరాలూ ఉన్నప్పుడే ఆ మాటకు నిఘంటువులో సరైన అర్థం ఇవ్వగలం.