పాత్ర ఆధారిత డేటా వడపోత

పాత్ర ఆధారిత డేటా వడపోత అనగా ఒక సంస్థ డేటాబేసులోని సమాచారంలో ఏ ఉద్యోగికి ఏ భాగం కనిపించాలో వారి బాధ్యతను బట్టి నిర్ణయించే పద్ధతి. ఇందులో అనుమతులను వ్యక్తికి కాక, ఆ వ్యక్తి నిర్వహించే పదవికి ఇస్తారు. బదిలీ అయినవారి పాత అనుమతులు పాత పదవితోనే ఉండిపోవాలన్నది దీని ముఖ్యోద్దేశము.

చరిత్ర

1992లో అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థకు చెందిన డేవిడ్ ఫెర్రయోలో మరియు రిచర్డ్ కున్ పాత్రలను బట్టి అనుమతులిచ్చే విధానాన్ని ప్రతిపాదించారు. 1996లో రవి సంధు, ఆయన సహచరులు దీనికి నమూనాలను రూపొందించారు. 2004లో ఇది అమెరికా జాతీయ ప్రమాణమయింది. పట్టికలోని వరుసలను డేటాబేసే వడపోసే సదుపాయం 1999లో ఒరాకిల్ 8ఐ తోను, 2016లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.5, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 లతోను వచ్చింది.

పనిచేయు విధానము

ఉదాహరణకు, విజయవాడ కేంద్రంగా ఎరువులు అమ్మే ఒక టోకు వర్తక సంస్థకు గుడివాడ, మచిలీపట్నం, తెనాలిలలో శాఖలున్నాయనుకుందాం. అమ్మకాలన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. గుడివాడ మేనేజరు ఈ నెల అమ్మకాలు అడిగినపుడు, శాఖ గుడివాడ అయి ఉండాలనే షరతును డేటాబేసే చేర్చుతుంది. గోడౌను గుమాస్తాకు బస్తాల సంఖ్య కనిపిస్తుంది, డీలర్ల బాకీలు కనిపించవు. ప్రధాన కార్యాలయపు ఆడిటరుకు అన్నీ కనిపిస్తాయి కానీ, దేనినీ మార్చే అధికారం ఉండదు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఏమి చేయవచ్చు అన్నదానికి పాత్ర, ఏ వరుసలపై చేయవచ్చు అన్నదానికి పరిధి సమాధానమిస్తాయి. ఈ రెంటినీ కలిపివేస్తే ప్రతి శాఖకు ఒక మేనేజరు పాత్రను విడిగా సృష్టించవలసి వస్తుంది. అందువలన మేనేజరు అనే పాత్రను ఒకటిగానే ఉంచి, ఎవరు ఏ శాఖకు చెందినవారో వేరొక పట్టికలో నమోదు చేస్తారు.

భూమి రికార్డులు

ఈ విభజన ప్రాధాన్యత భూమి రికార్డులలో స్పష్టంగా తెలుస్తుంది. పూర్వం గ్రామ లెక్కలు కరణం వద్ద ఉండేవి. వాటిని వ్రాసేదీ, చూపించేదీ ఆయనే. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవి రద్దయింది. తరువాతి కాలంలో రికార్డులు వెబ్‌ల్యాండ్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి చేరాయి. 2015లో ప్రారంభమైన మీ భూమి ద్వారా అడంగల్, 1-బి వివరాలను ప్రజలు చూడగలిగారు. చూసే హక్కు విస్తరించినా, మార్చే అధికారం రెవెన్యూ అధికారులదే. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం ప్రకారం తహసీల్దారు ఉత్తర్వుపై రెవెన్యూ డివిజనల్ అధికారికి అప్పీలు, కలెక్టరుకు రివిజన్ చేసుకోవచ్చు. అనగా పాత్రతో పాటు మండలం, డివిజను, జిల్లా అనే పరిధి కూడా ఉన్నది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమయింది. మచిలీపట్నం, గుడివాడ కృష్ణా జిల్లాలో ఉండగా, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరాయి. కలెక్టరు అనే పాత్ర మారలేదు, పరిధి మాత్రమే మారింది. ఇటువంటి సమయంలో పరిధి పట్టికను సవరించకపోతే, కైకలూరు రైతు దరఖాస్తు పాత జిల్లా అధికారికి కనిపిస్తూ, విచారించవలసిన అధికారికి కనిపించకుండా పోతుంది. అలాగని పాత ఉత్తర్వులపై ఉన్న అధికారి వివరాలను మార్చరాదు. అవి చరిత్రలో భాగం.

పరిమితులు

* వడపోతను తెరపై మాత్రమే అమలుచేస్తే చాలదు. దాచిన వరుసలు దింపుకున్న ఫైలులో బయటపడవచ్చు.
* వడపోసిన నివేదికలోని మొత్తం, సంస్థ మొత్తం కాదు. ఏ పరిధికి చెందినదో శీర్షికలో తెలపకపోతే ఇద్దరు ఉద్యోగులు రెండు వేర్వేరు మొత్తాలతో వాదించుకునే అవకాశమున్నది.
* ఒకరి పాస్‌వర్డును పలువురు వాడితే ఏ వడపోత అయినా నిష్ప్రయోజనమే. మార్పు ఎవరు చేశారో కూడా తెలియదు.
* అవసరానికి మించిన కట్టడి పనిని ఆపుతుంది. అందుచేత బదిలీలు, శాఖల మార్పులు జరిగిన ప్రతిసారీ అనుమతులను సరిచూడటం అవసరం.