ఫొటోలో అన్ని చుక్కలు ఎక్కడివి?



పత్రికలో ఆకాశం ఫొటో చూసి పిల్లలు, "అమ్మా, మనకు కనిపించని ఇన్ని చుక్కలు ఇందులో ఎక్కడివి? నిజమైనవేనా?" అని అడుగుతుంటారు. "నీకెందుకురా!" అని కసురుకోకండి. అడగవలసిన ప్రశ్నే అది.

మన కన్ను వెలుతురును క్షణంసేపే పట్టి వదిలేస్తుంది. కెమెరా అలా కాదు. సన్నగా కారే కుళాయి కింద పెట్టిన బిందె అనుకోండి. ఎంతసేపు ఉంచితే అంత నిండుతుంది. అందుకే మసక చుక్కలూ పడతాయి. ఈలోగా భూమి తిరుగుతుంది గనుక, చుక్కలు గీతలుగా సాగకుండా కెమెరానూ వాటి వెంట తిప్పుతారు.

మరి 2023లో చంద్రయాన్-3 పంపిన చంద్రుడి ఫొటోల్లో చుక్కలు లేవేం? అక్కడ అప్పుడు పగలు. ఎండకు మెరిసే నేలను తీయాలంటే కెమెరా కన్ను రెప్పపాటు తెరిస్తే చాలు. అంతలో చుక్కల వెలుతురు చాలినంత చేరదు.

ఈ పని మన దగ్గరా జరిగింది. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన హైదరాబాదు నిజామియా వేధశాల, ఇతర దేశాలతో కలిసి గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలు లెక్కకట్టింది. అదే పనిలో వాటికన్ వేధశాల పలకలను కూర్చుని కొలిచినవారు నలుగురు సన్యాసినులు. ఆడవాళ్ళ ఓర్పు అంటే అదీ!

ఫొటో నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. వీధిదీపాల పట్నంలో వీలుకాదు. నిజామాబాదు జిల్లా ఏర్గట్ల లాంటి ఊరికి వెళ్ళినప్పుడు, పసుపు ఎండబెట్టే ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో, పడమటివైపు పిల్లలకోడిని చూడండి. కంటికి ఆరు చుక్కలు, ఫొటోలో వందలు. ఆ ఆరూ ఫొటోలో అదే పొందికలో ఉంటాయి. మిగిలినవి కంటికి అందనివే గాని, లేనివి కావు.