కోడ్ వచ్చీసేక కొండెక్కితే ఏటి లాభం?

ఎన్నికలు దగ్గరపడితే మన్యం అంచు ఊళ్ల నుంచి ఒక మాట ఇనబడతాది: రోడ్డెయ్యకపోతే ఓటెయ్యం. కిందనున్న మనకి అది బెదిరింపులాగుంటాది. రోలుగుంట వాడిగా నాకు మాత్రం అలా అనిపించదు. ఆళ్ల మాటకి ఐదేళ్లకోపాలి విలువొచ్చే రోజులవి. అయితే అప్పటికే వేళ మించిపోతాది.

ఎలాగంటే, 2024లో ఎన్నికల షెడ్యూల్ మార్చి 16న ఇచ్చారు. మన రాష్ట్రంలో పోలింగు మే 13న. షెడ్యూల్ వచ్చిన క్షణం నుంచే కోడ్. కొత్త రోడ్డు మంజూరు చెయ్యకూడదు, మంత్రులు మాటివ్వకూడదు. మొదలైన పని సాగుతాది గానీ, కాయితం మీదున్న రోడ్డు కాయితం మీదే ఉండిపోతాది. ఏప్రిల్లో అర్జీ పట్టుకెళ్తే "కోడ్ ఉంది బాబూ" అంటారు. అది అబద్ధమూ కాదు.

మరి మిగతా నాలుగేళ్లూ ఎందుకు ఇనరు? మన మండలంలో ఆర్ల పంచాయతీ కొండమీద లోసింగి, పితృగెడ్డ, పెద్దగరువు ఉన్నాయి. జబ్బుచేస్తే డోలీ కట్టాల్సొచ్చిన ఊళ్లు. అక్కడున్నది గిరిజనులే, కానీ నేల మాత్రం షెడ్యూల్ ప్రాంతం కాదు. దాంతో 1/70 చట్టం ఆళ్ల భూమికి కాపు కాయదు. గ్రామసభకి బలమిచ్చిన 1996 పెసా చట్టమూ వర్తించదు. పాడేరు, అరకు ఎస్టీ సీట్లు. మన చోడవరం జనరల్ సీటు. ఇక్కడ కొండమీది ఓట్లు లెక్కలో గుప్పెడు. ఆ గుప్పెడు కోసం ఏ అభ్యర్థి మోకాళ్లు నొప్పెట్టుకుంటాడు?

పెట్టె కొండెక్కితే చాలనుకుంటే అదీ సరిపోదు. ఆస్ట్రేలియాలో 2023 అక్టోబర్ 14న రెఫరెండం జరిగింది. ఆదివాసుల మాట పార్లమెంటుకి చెప్పే ఒక సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అన్నది ప్రశ్న. మారుమూల ఊళ్లకి విమానాల్లో కూడా ఎల్లి ఓట్లు తెచ్చారు. అక్కడి ఆదివాసుల ఓట్లు ఎక్కువగా ‘అవును’కే పడ్డాయి. దేశం మొత్తం మీద నూటికి అరవై మంది ‘కాదు’ అన్నారు. ఓటు అందింది, మాట అందలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పని కోడ్‌కి ముందే ఉంది. గ్రామసభలో కొండ ఊరి రోడ్డు పని తీర్మానం పుస్తకంలో రాయించాల, నకలు తీసుకోవాల. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఉన్న 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు సభలు పెట్టి ఉపాధి పనులు రాయించారు. అలాంటి రోజున కొండమీదోళ్లు దిగి రాలేకపోతే ఆళ్ల లిస్టు పట్టుకెళ్లే మనిషి ఒకడుండాల.

రెండోది పోలింగు కేంద్రం. ఓటరు రెండు కిలోమీటర్లకి మించి నడవకూడదన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న లెక్కే. గుజరాత్ గిర్ అడవిలో బానేజ్ దగ్గర ఒక్క ఓటరుకే కేంద్రం పెడుతున్నారు. ఓటర్ల జాబితా సవరణకి ముందు కేంద్రాల ముసాయిదా వస్తాది. అభ్యంతరం రాసివ్వాల్సింది అప్పుడే. పద్దెనిమిది నిండినోళ్లకి ఫారం 6 కూడా అప్పుడే నింపించీవచ్చు.

ఒకటి గుర్తుంచుకోండి. మార్చి నుంచి మే దాకా కొండమీద జీడిపిక్కలు ఏరే రోజులు. పగలెల్తే ఊళ్లో ముసలోళ్లు, పిల్లలే ఉంటారు. సాయంత్రం ఎల్లండి, చీకటి పడ్డాక దిగొద్దు, రాత్రి అక్కడే ఉండండి. పొయ్యి దగ్గర కూర్చున్నాక ఆళ్లే మొదలెడతారు.