తుడువరాని మకిలి

ఇంగ్లండు దేశమున యార్కు నగరమందు దూరదర్శినులను నిర్మించు కుక్ సంస్థలో కటక నిర్మాణ వ్యవహారములను చూచుచుండిన డెన్నిస్ టేలర్ అను విద్వాంసుడు, 1890ల దశకమున, ఏండ్ల తరబడి గాలికిని తేమకును గురియై పైని పలుచని చిలుముపొర పట్టిన పాత కటకములను పరీక్షించి, అవి క్రొత్తగా మెరుగుపెట్టిన కటకములకంటె వెలుతురును తక్కువగా గాక ఎక్కువగానే లోనికి పంపుచున్నవని గుర్తించెను. మకిలి పట్టిన గాజు తాజా గాజుకంటె తక్కువ కాంతిని పరావర్తనము చేయునని రేలీ ప్రభువు 1886లోనే కనుగొనియుండెను గాని, ఆయనది ప్రయోగశాలలోని పరిశీలనము. టేలరుది చేతిపనివాని అనుభవము. దూరదర్శినుల యజమానులు ఆ పొరను అనుమానముతో చూచుట పరిపాటియై యుండగా, అది శత్రువు గాదు మిత్రమేయని అతడు వ్రాసి వారిని ఊరడించెను. కటకములను శుభ్రపరచు విద్యకు ఇంతకంటె తగిన నాంది మరియొకటి నాకు దోచదు.

కాంతి గాలినుండి గాజులో ప్రవేశించునప్పుడు నూటికి నాలుగు పాళ్లకు కొంచెము మించి వెనుకకు మరలును. ఒక్క తలమునందైనచో ఈ నష్టమును ఎవ్వరును లెక్కింపరు. అయితే మంచి కెమెరా కటకము ఒకే గాజుబిళ్ల గాదు; అందు విడివిడిగా నాలుగు బిళ్లలున్నచో తలములు ఎనిమిదగును, ప్రతి తలమునను కొంత మరలిపోగా తుదకు వెలుతురులో సుమారు 30 శాతము నష్టమగును. అంతకంటె పెద్ద చిక్కు ఏమనగా, అట్లు మరలిన కాంతిలో కొంత బయటికైనను పోక, బిళ్లల నడుమ అటునిటు తిరుగాడి, బొమ్మపై పరచుకొని, నల్లనివానిని బూడిదరంగుగా మార్చును.

గాజుకంటె తక్కువ వక్రీభవన గుణకము గల పదార్థమును, తనలో ప్రయాణించు కాంతి తరంగదైర్ఘ్యమున నాలుగవ వంతు మందముగా పూసినచో, పూత పైతలమునుండి మరలిన తరంగమును, పూతను దాటి గాజును తాకి మరలిన తరంగమును, ఒకటి శిఖరమున నుండగా రెండవది గర్తమున నుండునట్లు కలిసికొని ఒకదానినొకటి అణచివేయును. అణగిన కాంతిశక్తి నశింపక కటకములోనికే పోవును. ఈ పనికి మెగ్నీషియం ఫ్లోరైడు మిక్కిలి అనుకూలమైనది. దాని గుణకము 1.38, ఆకుపచ్చ కాంతికి సరిపడు పూత మందము 100 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరున పదివేలవ వంతు. ఇంతమాత్రపు పూత ఒక్కొక్క తలము పరావర్తనమును 1.3 శాతమునకు దించును. ఆకుపచ్చ చక్కగా అణగి, ఎరుపును నీలమును కొంత మిగులుటచేతనే పూత గల కటకము ఊదారంగున మెరయును.

ప్రకృతి ఏండ్లకు చేసినదానిని తాను త్వరగా చేయవలెనని టేలర్ గాజును రసాయనములతో కృత్రిమముగా ముదురజేయు విధానమునకు 1904లో పేటెంటు పొందెను. కాని ఒక జాతి గాజు లొంగినట్లు మరియొక జాతి లొంగకపోవుటచే ఆ మార్గము నిలువలేదు. జెనా నగరమున జైస్ సంస్థయందు పనిచేయుచుండిన అలెగ్జాండర్ స్మకులా, నిర్వాత పాత్రలో ఫ్లోరైడును ఆవిరిచేసి ఆ ఆవిరిని గాజుపై పేరునట్లు చేయు పద్ధతిని 1935లో సాధింపగా, జర్మను ప్రభుత్వము దానిని సైనిక రహస్యముగా దాచినది. ఆ సంగతి నెరుగకయే కాలిఫోర్నియాలో జాన్ స్ట్రాంగ్ మరుసటి యేడాది అదే తెరవున నడచెను. 1938లో అమెరికాయందలి షెనెక్టడీలో కాథరిన్ బ్లాడ్జెట్ అను విదుషీమణి, నీటిపై తేలు బేరియం స్టియరేటు పొరను, ఒక్క అణువు మందము గలదానిని, గాజుపలకను మాటిమాటికి ముంచి తీయుచు 44 పొరలుగా పేర్చి, పరావర్తనము లేని గాజును లోకమునకు చూపినది. ఓర్పునకును కొలత సూక్ష్మతకును ఈ ప్రయోగముతో సాటి వచ్చునవి అరుదు. అయినను ఆమె పూత సబ్బు జాతిది. వ్రేలితో రుద్దిన మాత్రమున ఊడిపోవునది.

తొలినాటి ఫ్లోరైడు పూతలును అంతకంటె మిక్కిలి గట్టివి గావు. కావుననే వానిని చేయి తగులని లోపలి తలములకే ఉపయోగించుట మేలని పనివారు తలచిరి. యుద్ధకాలమున, నిర్వాతములోనే గాజును బాగుగా కాచి ఆ వేడి గాజుపై ఫ్లోరైడును పేరనిచ్చినచో పూత గట్టిపడి తుడుపునకు ఓర్చునని తేలినది. పిదప పూతపై పూత వచ్చినది. 1971లో ఆసాహి పెంటాక్స్ సంస్థ ఏడు పొరల కటకములను విపణికి తెచ్చెను.

పూత గట్టిదైనను దుమ్ము అంతకంటె గట్టిది. మోస్ కొలమానమున మెగ్నీషియం ఫ్లోరైడు కాఠిన్యము 6. వీధి దుమ్ములోని ఇసుక రేణువుది 7. కళ్లజోడుపై హా అని ఆవిరి ఊది ఉత్తరీయపు చెంగుతో గుండ్రముగా రుద్దు పెద్దలు, తాము శుభ్రము చేయుచున్నామనుకొనుచు నిజమునకు గాజును సానపట్టుచున్నారు. గుడ్డ మెత్తనిదే, గీత గీయునది గుడ్డక్రింద చిక్కిన రేణువు. కాబట్టి కెమెరా కటకమును ముందుగా తాకనే తాకక, రబ్బరు బుడ్డిని నొక్కి గాలి ఊదవలెను. నోటితో ఊదినచో ఉమ్మి తుంపరలు పడును. అంతకు పోని దుమ్మును మెత్తని వెంట్రుకల కుంచెతో తేలికగా ఎగురగొట్టవలెను. అంతటితో చాలును. తలముపై మిగిలిన నాలుగు రేణువులు తమ పరిమాణమున కెంత కాంతి తగునో అంతనే ఆపునుగాని, బొమ్మలో మచ్చలై కానరావు.

వ్రేలిముద్ర మాత్రము ఉపేక్షింపదగదు. దాని జిడ్డు పూతపై మరియొక పూతయై, తరంగములకు కుదిర్చిన లెక్కను తారుమారు చేయును. ఆ చోట ఊదారంగు మారుటయే ఇందుకు సాక్ష్యము. అందలి ఆమ్లములు కాలక్రమమున పూతను తినివేయవచ్చును. అట్టిచో కటకములకై చేసిన పలుచని కాగితముపై ఐసోప్రొపైల్ ఆల్కహాలును ఒకటి రెండు చుక్కలు వేసి, మధ్యనుండి అంచునకు, బరువు మోపక, ఒక్కొక్క మారును కాగితపు క్రొత్తభాగముతో తుడువవలెను. ద్రవమును నేరుగా గాజుపై పోయరాదు. అది అంచున ఇంకి గొట్టములోనికి జారును. కిటికీ అద్దములకు వాడు అమోనియా ద్రవములు దీనికి తగవు. ప్లాస్టికు కళ్లజోళ్లను తుడుచుటకు ముందు పారునీటిలో కడుగుట ఉత్తమము. వేడినీరు మాత్రము కూడదు. ప్లాస్టికు వ్యాకోచించినంత దాని పైపూత వ్యాకోచింపక సన్నని పగుళ్లు తేలును.

ఇక మన కోస్తా జిల్లాల వర్షాకాలము వంటి తేమ వాతావరణమున దుమ్మును మించిన శత్రువు బూజు. సాలెగూడు తంతువులవలె బిళ్లల నడుమ అల్లుకొను ఈ శిలీంధ్రము స్రవించు ఆమ్లములు పూతకును, పిమ్మట గాజునకే గాట్లుపెట్టును. అటుపిమ్మట ఎంత తుడిచినను తంతువు పోవునుగాని దాని జాడ పోదు. సిలికాజెల్ పొట్లముతో మూతబిగువు డబ్బాలో ఉంచుటయు, అప్పుడప్పుడు వెలుతురునకు తీయుటయు దీనికి నివారణోపాయములు. పూర్వము కెమెరాతోబాటు ముచ్చటపడి ఎక్కువ వెల యిచ్చి కొనిన తోలుసంచి తేమను పట్టియుంచు గుణము గలదగుటచే, ఆ బూజునకు అదియే మంచి నివాసముగా నుండెను.