శాంటా మోనికా పురపాలక విమానాశ్రయము
ఇది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున శాంటా మోనికా నగరమునకు చెందిన విమానాశ్రయము. ప్రఖ్యాత డీసీ-3 విమానము 1935లో తొలిసారి ఎగిరినది ఇక్కడినుండే. రన్‌వే కొసలకు చేరువలోనే ఇళ్ళుండుటచే రొద, ప్రమాద భయము నివాసులను చిరకాలము బాధించినవి. అయితే రెండవ ప్రపంచ యుద్ధ కాలమున తాను కౌలుకు తీసుకొన్న ఈ స్థలమును కేంద్ర ప్రభుత్వము 1948లో కొన్ని షరతులతో తిరిగి అప్పగించినది. ఆ షరతుల ప్రకారము దీనిని మూసివేయు హక్కు నగరమునకు లేదని సమాఖ్య విమానయాన సంస్థ వాదించినది.

ఏళ్ళ తరబడి వ్యాజ్యముల పిదప 2017 జనవరిలో ఉభయులు రాజీపడిరి. అదే ఏడాది డిసెంబరులో 4,973 అడుగుల రన్‌వేను 3,500 అడుగులకు కుదించిరి. కుదించుట మెరుగుదల ఎట్లగునని పాఠకులకు సందేహము రావచ్చును. పొట్టి రన్‌వేపై పెద్ద జెట్ విమానములు దిగజాలవు; కొసలయందు మిగిలిన జాగా, అదుపు తప్పిన విమానము ఇళ్ళను చేరకముందే ఆగుటకు ఉపకరించును. ఒప్పందము ప్రకారము నగరము 2028 డిసెంబరు 31 వరకు విమానాశ్రయమును నడపవలెను; ఆపై మూసివేయవచ్చును.