ఆదివారపు క్షవరము

తిరువూరునకు రెండు వాకిళ్ళు. ఒకటి మైలవరము మీదుగా విజయవాడ వైపునకు, రెండవది కొత్తగూడెము, భద్రాచలముల వైపునకు తెరచికొని యుండును. ఈ రెండవ వాకిటికి ఆవల, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడువరకును హైదరాబాదు రాష్ట్రము. 2014 జూన్ 2వ తేదీ నుండి తెలంగాణ రాష్ట్రము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు ఊరు కృష్ణా జిల్లానుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఎల్లలు ఇన్ని మారులు మారినను, మామిడితోటల నడుమనున్న ఈ పట్టణమున ఆదివారము ప్రొద్దుట తండ్రులు పిల్లల చేతులు పట్టుకొని క్షౌరశాలకు నడచుట మాత్రము మారలేదు.

ఆదివారమే యేల యనగా, మంగళవారమునాడు అంగడియే తెరవరు. శుక్రవారము ఇల్లాలు ఒప్పుకొనదు. పుట్టినవారము పనికిరాదని ముసలమ్మ అడ్డుపడును. తక్కిన దినములలో బడి. కావున ఆదివారము ఎనిమిది గంటలకే అచ్చటి బల్లమీద చోటుండదు. తండ్రులు ఒంటరిగా పోవుటయు అరుదు. వీథిలో స్నేహితుని గుమ్మము ముందు నిలిచి, "ఏరా బావా, మీవాడికి కూడా జుట్టు చెవులమీద పడుతోంది, పద" అని కేకవేసి వెంటబెట్టుకొని పోవుదురు.

తెలుగు దేశమున స్నేహము వట్టి స్నేహముగా నిలువదు. చుట్టరికపు పిలుపు తొడిగికొనును. ఇల్లాలు భర్త స్నేహితుని "అన్నయ్యగారూ" అని పిలుచును. ఆ ఒక్క పిలుపుతో అతడు భర్తకు బావ, పిల్లలకు మామయ్య యగును. ఇది ఊరక వచ్చిన పదవి కాదు. పుట్టువెండ్రుకలు తీయునాడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని మొదటి కత్తెర వేయవలసినవాడు మేనమామ. తిరుమల కల్యాణకట్టలోనైనను, సమీపమున గంపలగూడెము మండలములోని నెమలి వేణుగోపాలస్వామి సన్నిధిలోనైనను, తల్లికి తోడబుట్టినవాడు లేనప్పుడు ఈ పిలుపు మామయ్యయే పీటమీద కూర్చుండుట కలదు. నున్నని తలపై గంధము పూయించుకొన్న ఆ బిడ్డయే కొన్నాళ్ళకు క్షౌరశాల కుర్చీచేతులపై అడ్డముగా వేసిన పలక నెక్కును. నీళ్ళ చిమ్ము చల్లదనము, మెడవెనుక యంత్రపు చక్కిలిగిలి, తల వంచుమను గద్దింపు, అటుపిమ్మట ఏడుపు. మామయ్య రెండు చేతులతో తల పట్టుకొని "అయిపోయింది, అయిపోయింది" అనును. ఈ అబద్ధమాడని మామయ్య లేడు.

మరి తండ్రి యెక్కడ? వాకిట నుండును, చేత సిగరెట్టుతో. బహిరంగ స్థలములలో పొగత్రాగుటను 2008 అక్టోబరు 2వ తేదీ నుండి నిషేధించిరి గనుక అంగడివాడు లోపల త్రాగనీయడు. గుమ్మము దాటినచో చట్టము దాటినట్లే యని పెద్దమనుష్యుల నమ్మిక. పిల్లవాడు తల కదల్పరాదు. కావున వాని చూపు అద్దమునకే అంటియుండును. అద్దములో తన ముఖము, దాని వెనుక వీథి, వీథిలో తండ్రి, తండ్రి నోటినుండి పొగ. ఇంటికి వచ్చి సుద్దముక్కను రెండు వ్రేళ్ళనడుమ నుంచుకొని గోడకు ఆనుకొని నిలుచును. కన్యాశుల్కములో వెంకటేశమునకు చుట్ట మరగించుటకు గిరీశము గురువు వేషము వేయవలసివచ్చెను; ఇచ్చట ఆ శ్రమయు లేదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నను, "నాన్నకు" అనుచు చిల్లరతో కొట్టునకు పరుగెత్తు పిల్లలు లేకపోలేదు.

ఇద్దరు మగవారి స్నేహము తరచు ఒక అగ్గిపుల్లవద్దనే పుట్టును. చదువుకొను దినములలో ఒక సిగరెట్టును పంచుకొనుటయే నమ్మకమునకు గుర్తు. అందుచేత, "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి, మీ మాటైతే వింటారు" అని ఇల్లాలు మొరపెట్టుకొన్నప్పుడు ఆ అన్నయ్యగారు నేలచూపులు చూచును. ఆయన జేబులోను పెట్టె యున్నది. మానుమని చెప్పుటకు అర్హత లేదు. మానుదమని చెప్పుటకు ధైర్యము చాలదు. మానిన తరువాత సాయంకాలము ఇద్దరును ఏ నెపమున వీథిలో నిలువవలెను? వైద్యులు ఊపిరితిత్తులను గూర్చి చెప్పుదురు గాని ఈ భయమును గూర్చి చెప్పరు.

అయినను లెక్కలు స్నేహితుని పక్షముననే యున్నవి. అమెరికాలో ఫ్రామింగ్‌హాం హృద్రోగ పరిశోధనకై 1971 నుండి 2003 వరకు గమనించిన 12,067 మంది వివరములను పరిశీలించి క్రిస్టాకిస్, ఫౌలర్ అనువారు 2008లో ఫలితములు ప్రకటించిరి. దంపతులలో ఒకరు మానినచో రెండవవారు పొగత్రాగు అవకాశము 67 శాతము తగ్గినది. స్నేహితుడు మానినచో 36 శాతము. తోబుట్టువు మానినచో 25 శాతమే. తోడబుట్టినవాని కంటె చేరదీసిన బావ మాటకే ఎక్కువ బలమన్నమాట. ఇక వయస్సు సంగతి. బ్రిటిష్ వైద్యులు 34,439 మందిని 50 ఏండ్లు పరిశీలించి రిచర్డ్ డాల్, అతని సహచరులు 2004లో తేల్చిన దేమనగా, సిగరెట్టు మాననివారు సగటున 10 ఏండ్లు ముందుగా మరణింతురు. 60వ యేట మానినచో అందులో 3 ఏండ్లు, 50వ యేట 6, 40వ యేట 9 తిరిగి దక్కును; 30వ యేట మానినచో దాదాపు మొత్తమును దక్కును. పలకమీద బిడ్డను కూర్చుండబెట్టు తండ్రుల వయస్సు సాధారణముగా ముప్పదికిని నలుబదికిని నడుమనే.

మొదటి వారము కష్టము. అందును మొదటి మూడు దినములు. ఇల్లంతయు మెల్లగా అడుగులు వేయును. కూరలో ఉప్పు, పిల్లవాని వంకర అక్షరములు, పంకా చప్పుడు, అన్నియు నేరములే. కోరిక పుట్టినప్పుడు అది నిలుచునది కొన్ని నిమిషములే. ఆ నిమిషములు గడపుటకు సోపుగింజలు, వేయించిన వేరుసెనగలు, లేదా ఒక ఫోను.

"బావా, ఇప్పుడు గట్టిగా లాగుతోంది."

"మంచినీళ్ళు తాగి ఇటు రా."

ఇద్దరిలో ఎవడో ఒకడు జారుటయు కలదు. జారినవాడు ఏలకి నమలుచు వచ్చును. రెండవవాడు పసిగట్టును గాని చెల్లెలివంటి ఆ ఇల్లాలికి చెప్పడు. అది ద్రోహమో దయయో తీర్పు చెప్పుట సులభము కాదు. మరునాడు మరల మొదటి దినమని లెక్క పెట్టుకొందురు, ఇద్దరును.

తలవెండ్రుకలు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. ఒక క్షవరమునకును మరియొక క్షవరమునకును నడుమ నెల. పొగ మానినవాని చిరాకు తగ్గుటకును దాదాపు అంతే, మూడు నాలుగు వారములు. ఆ నెల గడచిన ఆదివారము పిల్లవాడు మరల పలక నెక్కి అద్దములోనికి చూచును. వాకిట ఎవరును లేరు. తండ్రి లోపలనే, బల్లమీద, వేరుసెనగల పొట్లము విప్పుచున్నాడు. మామయ్య తల పట్టుకొని "అయిపోయింది, అయిపోయింది" అనుచున్నాడు. ఇంకను సగము తల మిగిలియే యున్నది.